నొప్పి లేని వైపు

మోకాళ్లు కుడివైపుకు వాలుతున్నాయి, ఎడమవైపుకు రావడం లేదు. చాప మీద వెల్లకిలా పడుకుని, పాదాలు నేలకు ఆనించి, తృప్తి రెండు మోకాళ్లనూ దగ్గరగా చేర్చి మరోసారి ఎడమకు వాల్చి చూసింది. తుంటి ఎముక వెనకాల ఎక్కడో ఒక తాడు బిగిసినట్టయింది, పొత్తికడుపులోంచి లేచిన నొప్పి ఆ తాడు వెంబడే తొడల్లోకి దిగింది. అటు వద్దు, నొప్పి ఉన్న వైపుకు పోవద్దని కదా ఫిజియోథెరపిస్టు శ్రీదివ్య చెప్పింది, కుడికి పో, హాయిగా ఉన్న వైపుకే పో, ఊపిరి వదులుతూ మెల్లగా పో, అక్కడ కాసేపు ఉండి ఒక్కసారిగా వదిలెయ్యి. వదిలేసింది. కాళ్లు రెండూ దబ్బున చాప మీద పడ్డాయి. తగ్గిందా? లేదు. కొంచెం తగ్గిందేమో. ఇంత తొందరగా ఎట్లా తగ్గుతుంది, ఇప్పుడే కదా మొదలుపెట్టింది. గోడవతల అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు, వరండాలో నాయిన కోసం వచ్చిన మనుషుల గొంతులు, హైవే మీద లారీల మోత, వీటన్నిటి వెనక ఇంకా రాని కారు చప్పుడు కోసం ఆమె చెవి కాచుకుని ఉంది. భర్త నిఖిల్ గుండ్లపోచంపల్లిలో తమ ఇంట్లోంచి బయటపడ్డాడు. పిల్లలిద్దరినీ పక్క ఫ్లాట్‌లోని కామేశ్వరమ్మ గారికి అప్పగించి, బట్టల బ్యాగు సర్దుకుని, డీజిల్ పోయించుకుని అత్వెల్లిలో ఆమె పుట్టింటికి చేరేసరికి గంట అవుతుందని ఫోన్‌లో చెప్పాడు. గంట. ఈ గంటలోనే తేలాలి.

పొద్దున మంచం దిగకముందే నొప్పి మొదలైంది. మొదలవగానే, ఎవరికీ చెప్పకముందే, తృప్తి తనలో తాను ఒక పందెం వేసుకుంది. కారు వచ్చేలోపు ఈ కదలికలతో నొప్పి వదులైతే, ఆపరేషన్‌కు రానని చెప్పేస్తుంది. కాకపోతే నోరు మూసుకుని కారెక్కి మేడ్చల్ నర్సింగ్ హోంలో చేరుతుంది, పరీక్షలేవో చేస్తారు, ముట్టు ఆగగానే మత్తు ఇచ్చి గర్భసంచి తీసేస్తారు, ఇంక నెలనెలా ఈ చాప ఉండదు, ఈ వేడినీళ్ల సంచీ ఉండదు, కడుపులో మంట పెట్టే మాత్రలు ఉండవు. రోజు ముందే ఖాయమైపోయింది, నొప్పి కూడా తనను ఎవరో పిలిచినట్టు సరిగ్గా ఈ రోజే వచ్చింది. మంచిదే అనుకుంది పొద్దున, ఎదురుగానే ఉంది కనుక తేల్చుకోవచ్చు అనుకుంది. ఇప్పుడు మాత్రం అదెంత పిచ్చి పందెమో అనిపిస్తోంది. ముప్పై మూడేళ్ల మనిషి, గోడౌన్ డిస్పాచ్‌లో ఎన్ని లారీలు ఎటు పోవాలో చెప్పే మనిషి, తన ఒంట్లో ఏది ఉండాలో ఏది పోవాలో ఒక గంట నొప్పికి వదిలేసి పడుకుంది. అయినా ఇంకెవరికి వదలాలి, మిగతా అందరూ ఇప్పటికే తేల్చేశారు కదా.

నేల చల్లగా ఉంది. చాప కింద మార్బుల్ చల్లదనం వీపుకు తగులుతోంది, గోడౌన్ నేల కూడా ఇంతే చల్లగా తగిలింది ఆ రోజు, అట్టపెట్టెల వరసల మధ్య, చేతిలో స్కానర్ అట్లాగే పట్టుకుని పడిపోయినప్పుడు. పడిపోవడం గుర్తులేదు, కళ్లు తెరిచాక పైన ఇనుప రేకుల కప్పు, చుట్టూ వంగిన మగవాళ్ల ముఖాలు గుర్తున్నాయి. ఏమైంది మేడం, బీపీనా, షుగరా, టిఫిన్ తినలేదా అని తలో మాట అడిగారు. ఆమె తల ఊపింది, దేనికి ఊపిందో తనకే తెలియదు, బీపీ అంటే బీపీ, షుగర్ అంటే షుగర్, ఏదైనా సరే ఆ ఒక్క మాట తప్ప. నిఖిల్ వచ్చి తీసుకుపోయాడు. దారంతా ప్రతి సిగ్నల్ దగ్గరా తిరిగి, ఆమె కళ్లు తెరిచే ఉందా అని చూశాడు, అది చూసి ఆమెకు తన నొప్పి కన్నా ఎక్కువ బాధేసింది. ఆ రాత్రే అతను నాయినకు ఫోన్ చేశాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. భయపడిన మనిషి ఏదో ఒకటి చెయ్యాలి కదా. నాయిన తనకు తెలిసిన డాక్టర్‌కు చెప్పాడు, ఆ డాక్టర్ స్కాన్ కాగితం లైటుకు ఎదురుగా పట్టుకుని, సంచి కొంచెం ఉబ్బింది అన్నాడు. ఉబ్బడం అంటే ఏంటి సార్ అని తృప్తి అడిగింది. ఆయన ఆమెకు కాకుండా నిఖిల్‌కు జవాబు చెప్పాడు, ఇప్పుడేం లేదు గానీ రేపు ఏదైనా కావచ్చు, ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఇంక దానితో పనేముంది.

ఇంక దానితో పనేముంది. సరిగ్గా ఇవే మాటలు నాయిన ద్రాక్షతోట గురించి అన్నాడు. ఇదే చోట, ఇల్లు కట్టకముందు, వరండాకు అవతల ఇప్పుడు తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లు ఉన్న చోట తోట ఉండేది. రాతి కడీలు, వాటి మీద తీగెల పందిరి, పందిరి కింద మధ్యాహ్నం కూడా పచ్చటి చీకటి. నీళ్లు అడుగంటాయి, పంట తగ్గింది, రోడ్డు వెడల్పయింది, ఇంక దానితో పనేముంది అని ఒక వేసవిలో పీకించేశాడు. జేసీబీ వేళ్లను లాగుతుంటే వేళ్లతో పాటు ఎంత మట్టి లేచిందో. పైన పందిరి చూస్తే పలచగా ఉండేది, కింద అంత ఉందని ఎవరనుకున్నారు. తృప్తి మోకాళ్లు మళ్లీ లేపింది. ఊపిరి. శ్రీదివ్య ఊపిరి గురించి ఏదో చెప్పింది, వదిలేటప్పుడు నోటితోనా ముక్కుతోనా, ఎప్పుడూ ఇదే మరిచిపోతుంది, ఏదైనా ఒకటే అనుకుంటా, బిగబట్టకపోతే చాలు. కాలి వేళ్లను తన వైపుకు లాక్కుంది, కుడికాలు సులువుగా వస్తోంది, ఎడమకాలి పిక్క పట్టేస్తోంది, కుడికాలే చెయ్యి, వేళ్లు లాగు, మడమను దూరంగా నెట్టు, ఉండు, వదులు. వరండాలో ఎవరో నవ్వారు. లింగస్వామి గొంతు, నాయిన దగ్గర ప్లాట్లు అమ్మిపెట్టే మనిషి, శనివారం పొద్దున్నే వస్తాడు, వెంట ఎవరో కొనేవాళ్లను తెస్తాడు. రోడ్డు బిట్టు అంటున్నాడు, తూర్పు ముఖం అంటున్నాడు, ఎట్లంటె అట్ల కట్టుకోవచ్చు సార్ అంటున్నాడు.

తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. రాధమ్మ అరవై దాటని మనిషి, కానీ నడిస్తే డెబ్బై అనిపిస్తుంది, ఒక చెయ్యి ఎప్పుడూ నడుము మీద ఉంటుంది, మరో చేతి మణికట్టు కొంచెం వంకరగా ఉంటుంది. బాత్రూంలో జారితే విరిగింది, అప్పటికి ఆమెకు నలభై కూడా సరిగా దాటలేదు, ఎముకలు ఇప్పుడే ఇట్లా గుల్లబారాయేంటమ్మా అని కట్టు కట్టిన డాక్టర్ ఆశ్చర్యపోయాడు. అమ్మ చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని కిటికీలో పెట్టి, చాప వైపు చూసి, చూపు తిప్పుకుంది.

“గట్ల కింద పండితె సల్లదనం జొస్తది బిడ్డా. లేసి స్నానం జెయ్యి, అల్లుడు వస్తాండు.”

ఇంకాసేపు అంది తృప్తి. అమ్మ నిలబడింది, కొంగుతో మెడ తుడుచుకుంది, పోయింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పొద్దుటి గాలి చల్లగానే ఉంది, అయినా అమ్మ మెడ తుడుచుకుంటుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. తోటలో ఉన్నప్పుడు, బోరు దగ్గర నిలబడి నడినెత్తిన చెంబులు చెంబులు నీళ్లు పోసుకునేది, చలికాలంలో కూడా, పోసుకుని తడిచీరతోనే రాతి బండ మీద కూర్చునేది. వేడిగుంటుంది బిడ్డా, నిప్పు రాజినట్టుంటుంది అనేది. ఊళ్లో అందరూ రాధమ్మకు పిచ్చి శుభ్రం అనుకునేవాళ్లు. తృప్తి కూడా అట్లాగే అనుకుంది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, ఒకరోజు ఎక్కడో డాక్టర్ గదిలో కూర్చుని గోడ మీది పోస్టర్ చదువుతుంటే తెలిసింది, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్లకే ఆ మంటలు వస్తాయని. లేచి పోస్టర్ ముందు నిలబడిపోయింది. తనకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ ఒకరోజు కడుపు నొప్పని పోయి జీపులో తిరిగొచ్చింది, దిండు కడుపుకు అదుముకుని, ఒక్కొక్క మెట్టు ఆగి ఆగి ఎక్కింది. అవ్వ దిష్టి తీసి, ఇగ నీకు ముట్టు లేదు మూల లేదు, బతుకమ్మ అన్ని రోజులూ ఆడొచ్చు అంది. అమ్మ నవ్వింది. ఆ నవ్వే గుర్తుంది తృప్తికి ఇన్నాళ్లూ, ఆ నవ్వు చూసే కదా అమ్మకు మేలు జరిగిందనుకుంది.

నొప్పి ఇప్పుడు అలలా రావడం మానేసి ఒకచోట కూర్చుంది. నాభి కింద, లోపల, ఎవరో తడిబట్టను పిండుతున్నట్టు. పక్కకు తిరుగు, తిరిగితే నడుము పట్టేస్తుంది, వెల్లకిలా ఉండు, ఉంటే తొడలు లాగుతున్నాయి. ఒళ్లు ఒక దగ్గర నిలవనివ్వడం లేదు. లేచి నడవాలనిపిస్తుంది, నడిస్తే కూర్చోవాలనిపిస్తుంది. గంటలో ఎంత అయిపోయిందో, ఫోన్ చూడొద్దు, చూస్తే నిఖిల్ ఎక్కడున్నాడో తెలుస్తుంది, తెలిస్తే గుండె కొట్టుకుంటుంది, గుండె కొట్టుకుంటే ఊపిరి బిగుస్తుంది. టవల్ చుట్టను ఎడమ తుంటి కింద పెట్టుకుంది. అది శ్రీదివ్య చెప్పిందే, ఎత్తు తక్కువగా ఉన్న వైపు కొంచెం ఆసరా ఇవ్వాలని.

శామీర్‌పేటలో, చెరువు కట్టకు పోయే దారిలో, ఒక మెడికల్ షాపు మీద మేడ గదిలో శ్రీదివ్య ఫిజియోథెరపీ నడుపుతుంది. వాళ్లది రాజమండ్రి వైపు, నాన్న ఉద్యోగానికని వచ్చి నాగారంలో ఇల్లు కట్టుకున్నారు. తృప్తి మొదటిసారి స్కూటీ మీద మేడ్చల్ నుంచి ఆ దారిన పోయినప్పుడు కూడా నొప్పిలోనే పోయింది, మెట్లు ఎక్కలేక సగంలో కూర్చుంది, ఆ అమ్మాయి కిందికి దిగి వచ్చి పక్కనే మెట్టు మీద కూర్చుని, ఏమీ అడగకుండా కాసేపు ఉండి, ఏ వైపు ఎక్కువండీ అంది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు అంతకుముందు. ఎప్పటినుంచి అని అడిగారు, ఎన్ని రోజులు అని అడిగారు, పిల్లలెందరు అని అందరూ అడిగారు. ఏ వైపు అని అడిగితే తృప్తి వెంటనే జవాబు చెప్పలేకపోయింది, నొప్పికి వైపులుంటాయని తెలియదు. ముందు సిటీలో మంచి లేడీ డాక్టర్‌కు చూపించి స్కాన్ తీయించుకు రమ్మంది, లోపల ఏదైనా ఉంటే నేను చేసేది సరిపోదు, అది తేలాకే చెయ్యి వేస్తానంది. సిటీ డాక్టర్ చూసింది, కోసి తీసెయ్యాల్సింది ఏమీ లేదంది, మాత్రలు రాసింది, కదలికలు మంచివే చేసుకో అంది, ఆరు నెలలకోసారి రమ్మంది. గోడౌన్‌లో పడిపోయాక ఆ మాటను ఇంట్లో చెప్తే మగవాళ్లకు అది సరిపోలేదు. ఏమీ లేకపోతే ఎందుకు పడిపోయిందన్నాడు నాయిన. అదీ నిజమే, దానికి జవాబు ఎవరి దగ్గరుంది.

శ్రీదివ్య నేల మీద పడుకోబెట్టి మడమలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఒక కాలు పొట్టిగా కనిపించింది. పొట్టి కాదండి, తుంటి ఒక పక్కకు లాక్కుని ఉంది, ఏళ్ల తరబడి నొప్పికి ముడుచుకున్నారు కదా అంది. తృప్తి ఆ రోజు తెలియకుండానే ఎడమకే వాలింది, ముఖం చిట్లించి, పళ్లు బిగబట్టి, ఎంత నొప్పి పుడితే అంత మేలనుకుని. శ్రీదివ్య మోకాళ్ల మీద చెయ్యి వేసి ఆపింది.

“అటు వద్దండి. ఆ నొప్పి వైపు మీరు రోజూ వెళ్తూనే ఉన్నారు. ఈ కాసేపైనా నొప్పి లేని వైపు వెళ్లండి.”

అంతకన్నా వింత మాట తృప్తి వినలేదు. నొప్పి లేకుండా పని జరుగుతుందా. పిల్లలు నొప్పి లేకుండా పుట్టారా, ఇల్లు నొప్పి లేకుండా నడిచిందా. మొదటి నెల ఏమీ కాలేదు. మోసమేమో అనుకుంది, మేడ గదిలో చాపలేసుకుని కూర్చున్న చిన్నపిల్ల మాట నమ్మి ఆదివారాలు పాడుచేసుకుంటున్నానేమో అనుకుంది. రెండో నెలలో ఒకరోజు మధ్యాహ్నం గోడౌన్‌లో నిలబడి లోడింగ్ చూస్తుంటే, ఇవాళ మాత్ర వేసుకోలేదని గుర్తొచ్చింది. నొప్పి ఉంది, ఒక మూల కూర్చుని ఉంది, కానీ ఆమె నిలబడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పోతుందేమోనని. ఆ తర్వాతి నెల పడిపోయింది. నైట్ షిఫ్టులు వరసగా పడ్డాయి, చాప పరిచింది లేదు, తిండి లేదు, అయినా పడిపోయింది పడిపోయిందే. ఒక నెల మేలు, ఒక నెల కీడు. దీన్ని పట్టుకుని ఎట్లా కాదనాలి. ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి, ఒకరోజు మధ్యాహ్నం మాత్ర వేసుకోలేదనా.

వరండాలో నాయిన గొంతు పెద్దదయింది. మా బిడ్డకు జర ఆరోగ్యం బాగలేదు, దవాఖానకు పంపిస్తున్న అంటున్నాడు ఎవరికో. ఆరోగ్యం బాగలేదు. నాయిన నోట ఎప్పుడూ ఇంతే వస్తుంది. కానీ ఆమె పెద్దమనిషి అయినప్పుడు మాత్రం హైవే పొడుగునా ఫ్లెక్సీలు కట్టించాడు. ఓణీల ఫంక్షన్, కుమారి తృప్తికి ఆశీస్సులు అని పెద్ద అక్షరాలు, పైన వరసగా మండలం లీడర్ల ముఖాలు, వాటి మధ్య పట్టులంగాలో ఆమె ముఖం. బస్సులో బడికి పోతూ కిటికీలోంచి తన ముఖం తనే చూసుకుంది, ఒక ఢాబా ముందు ఒకటి, పెట్రోల్ బంకు దగ్గర ఒకటి. నాగపూర్ పోయే లారీ డ్రైవర్లందరికీ తెలిసింది తృప్తికి ముట్టు వచ్చిందని. ఆ రోజు కుర్చీలో కూర్చోబెట్టి అక్షింతలు వేస్తుంటే కడుపులో మొదటిసారి ఇదే తడిబట్ట పిండినట్టు, ఇదే. అమ్మా నొస్తోంది అంది చెవిలో. నవ్వు, ఫోటో తీస్తున్రు అంది అమ్మ. నవ్వింది. ఆ ఫోటో ఇప్పటికీ హాల్లో ఉంది, వచ్చినవాళ్లందరూ ఎంత ముద్దుగున్నదో అంటారు.

ఆమె కూతురు శ్రీజ ఫోటోలకు నవ్వదు. పన్నెండేళ్లకే ఆ పిల్లకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ మొండితనం. పోయిన నెల తమ ఇంటి హాల్లో ఇట్లాగే చాప మీద ఉంటే పక్కనే వచ్చి పడుకుంది, తల్లి మోకాళ్లు ఎటు పోతే అటు తనవి తిప్పింది, నాకు రెండు దిక్కులా వస్తున్నయ్ మమ్మీ అంది. నాకు కూడా నీలెక్కనే అయితదా అని అడిగింది. కాదు అనబోయి ఆగింది తృప్తి. ఏమో అంది. పిల్ల కప్పు వైపు చూస్తూ, అట్లయితే నాది కూడా తీసేస్తారా అంది. ఎవరు చెప్పారు ఆ పిల్లకు, ఫోన్లో మాట్లాడుకుంటుంటే విని ఉంటుంది. ఏదో మాట చెప్పి లేచి వంటింట్లోకి పోయింది, కూర మాడుతోందని. కూర మాడలేదు. ఆ ప్రశ్న అట్లాగే చాప మీద ఉండిపోయింది, ఇంటికి పోతే ఇంకా అక్కడే ఉంటుంది.

ఉన్నట్టుండి నొప్పి విరుచుకుపడింది. ఇంతసేపూ కూర్చున్నది లేచి నిలబడ్డట్టు, నడుము నుంచి పొట్ట దాకా చుట్టేసి బిగించింది, నోట్లో నీళ్లూరాయి, నుదుటి మీద చెమట చల్లగా పొడిచింది. ఏ వైపు, ఏ వైపు, ఏ వైపూ లేదు, అన్ని వైపులా ఇదే. తృప్తి పక్కకు దొర్లి మోకాళ్లు ఛాతీకి లాక్కుని ముద్దయింది. ఇదీ జవాబు. అయిపోయింది. కారెక్కాలి. కన్నీళ్లు వస్తున్నాయి, నొప్పికా ఓడినందుకా తెలియడం లేదు, మూలుగు బయటికి పోకుండా టవల్‌ను పళ్లతో పట్టుకుంది, అయినా వినిపించిందేమో, తలుపు తెరుచుకుంది, అమ్మ చేతి గాజుల చప్పుడు దగ్గరికొచ్చింది. రాధమ్మ గోడ పట్టుకుని, కష్టంగా, మెల్లగా కింద కూర్చుంది. కూతురి పాదం ఒళ్లోకి తీసుకుంది. ఆ చేతులు ఎంత వేడిగా ఉన్నాయో.

“ఇయ్యాల్టితోని ఈ పీడ పోతది బిడ్డా. జర ఓర్సుకో.”

తృప్తి పళ్ల మధ్య నుంచి టవల్ తీసింది. అడగాలని అనుకోలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు. మాట దానంతటదే వచ్చింది.

“నీకు పోయిందా అమ్మా?”

రాధమ్మ చెయ్యి పాదం మీద ఆగిపోయింది. వరండాలో ఎవరిదో ఫోన్ మోగి ఆగింది. అమ్మ జవాబు చెప్పదనుకుంది తృప్తి, ఎప్పటిలాగే కొంగుతో మెడ తుడుచుకుని లేచిపోతుందనుకుంది. అమ్మ లేవలేదు.

“ముట్టు పోయింది. నొప్పి యాడికి పోతది. నడుముల జొచ్చింది, బొక్కలల్ల జొచ్చింది.” కాసేపు కూతురి కాలి మెట్టెను అటూ ఇటూ తిప్పింది. “కడుపునొస్తాందని సూపిచ్చుకుందామని పోయిన. సూదేసిండ్రు, నిద్రబట్టింది. లేసినంక మీ అవ్వ జెప్పింది, సంచి తీసేసిండ్రు, ఇగ నీకు రంది లేదు అని. నన్నెవ్వలు అడుగలే.”

అంతే చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. తృప్తి లేచి కూర్చుంది. అమ్మ ముఖం ఇంత దగ్గరగా చూసి ఎంతకాలమైందో. జీపు దిగి మెట్లెక్కుతున్న ఆడమనిషి, దిండు, అవ్వ చేతిలోని దిష్టి, ఆ నవ్వు, అన్నీ ఒక్కసారి తలకిందులయ్యాయి. అప్పుడు అమ్మకు ఎన్నేళ్లు, ఇప్పటి తనకన్నా చిన్నది. మరి నన్నెందుకు పంపిస్తున్నావని అడిగింది, కోపంగానే అడిగింది.

“నువ్వు గిట్ల కొట్టుకుంటాంటె సూడలేక,” అంది రాధమ్మ. “నాకు తెలిసిన తోవ గదొక్కటే.”

అమ్మ చెయ్యి మళ్లీ పాదం మీద కదలడం మొదలుపెట్టింది, వేళ్లను ఒక్కొక్కటిగా పట్టి లాగుతూ, చిన్నప్పుడు తోటలో తిరిగి వచ్చి కాళ్లు నొస్తున్నాయంటే లాగినట్టు. తృప్తి గోడకు తల ఆనించింది. ఆమె మనసు ఎక్కడెక్కడో తిరిగింది, కట్టు కట్టిన మణికట్టు మీదికి, బోరు దగ్గర తడిచీర మీదికి, అమ్మతో బతుకమ్మ ఆడిన ఆడవాళ్ల మీదికి, వాళ్లలో ఎంతమందికి ఇట్లాగే నిద్రలో పోయిందో, ఎంతమంది ఇట్లాగే నవ్వారో. అమ్మకు కొడుకు కావాలనిపించి ఉంటుందా, ఇంకో కూతురు కావాలనిపించి ఉంటుందా, ఏమీ వద్దనిపించి ఉంటుందా, ఏదైనా అనిపించడానికి చోటే ఇవ్వలేదు కదా. ఎంతసేపట్లా కూర్చుందో, తగ్గిందా లేదా అని కడుపును తడుముకోవడం కూడా మరిచిపోయింది. గేటు దగ్గర హారన్ మోగినప్పుడే నొప్పి గుర్తొచ్చింది. ఉంది. పోలేదు. బిగింపు కాస్త వదిలింది గానీ, దాన్ని వదులైందని ప్రమాణం చేసి చెప్పలేదు. పందెం ప్రకారమైతే ఓడినట్టే. ఎవరు పెట్టారు ఆ పందెం. తగ్గితేనే కాదనే హక్కు, తగ్గకపోతే లేదని ఎవరు చెప్పారు.

చున్నీ వేసుకుని లేచింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. హాలు దాటి వరండాలోకి పోయేసరికి నిఖిల్ మెట్ల దగ్గర చేతిలో కారు తాళంతో నిలబడి ఉన్నాడు, గడ్డం చేసుకోలేదు, నిద్రపోయినట్టు లేడు. నాయిన జనార్ధన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎదురుగా లింగస్వామి, ప్లాటు చూడ్డానికి వచ్చిన మరో ఇద్దరు, వాళ్ల మధ్య బల్ల మీద లేఅవుట్ మ్యాపు. కూతురు అట్లా చెదిరిన జుట్టుతో మనుషుల మధ్యకు రావడం చూసి జనార్ధన్ ముఖం ముడుచుకుంది. లోపలికి పో, వస్తున్న అన్నాడు. తృప్తి పోలేదు.

“నాయినా, నేను దవాఖానకు పోను.”

తగ్గిందా అని అడిగాడాయన. తగ్గలేదంది. తగ్గకపోతే పోననడమేంటన్నాడు, గొంతు తగ్గించి, పక్కవాళ్ల వైపు ఒక చూపు చూసి. తృప్తికి గోడౌన్‌లో వంగిన ముఖాలు గుర్తొచ్చాయి, బీపీనా షుగరా. తల ఊపలేదు ఈసారి.

“ముట్టు నొప్పి నాయినా ఇది. మందులు వాడుకుంట, ఎక్సర్‌సైజ్ జేసుకుంట, మల్ల సిటీ డాక్టర్‌కు సూపిచ్చుకుంట. సంచి తీపిచ్చుకోను.”

లింగస్వామి మ్యాపు వైపు తల దించుకున్నాడు. వచ్చినవాళ్లలో ఒకడు లేచి చెప్పుల కోసం వెతికాడు. ఎవరి ముఖం ఎట్లా ఉందో చూడాలని ఆమెకు అనిపించలేదు, నిఖిల్‌నే చూసింది. అతను రెండు మెట్లు ఎక్కి ఆగాడు. నాకు భయమైతాంది అన్నాడు, నలుగురూ వింటున్నారని కూడా పట్టించుకోకుండా. మళ్లీ పడిపోతే అన్నాడు.

“పడిపోతె లేపు,” అంది తృప్తి. “కానీ నువ్వు మా నాయినకు కాదు, ముందుగాల నాకు ఫోన్ జెయ్యి.”

నిఖిల్ తాళం జేబులో వేసుకున్నాడు. అది సరేననడమో అలగడమో ఆమెకు తెలియదు, ఇంటికి పోయాక తెలుస్తుంది, ఇంటికి పోయాక మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి, శ్రీజతో కూడా. కడుపులో మళ్లీ ఒక అల లేచింది. తృప్తి స్తంభాన్ని పట్టుకుని బరువంతా కుడికాలి మీదికి మార్చుకుని, ఊపిరి వదిలి, అది పోయేదాకా నిలబడింది. జనార్ధన్ కుర్చీలోంచి లేచాడు. ఆయన కోపం కూతురి మీద కన్నా ఇంకెవరి మీదో ఉన్నట్టుంది. డాక్టర్ సాబ్ తన మాట మీద బెడ్ ఖాళీ పెట్టి కూర్చున్నాడని, మనిషికి మాటిచ్చి తప్పితే రేపు ఏ ముఖంతో కలవాలని, ఇప్పుడాయనకు ఏమని చెప్పాలని అన్నాడు.

“నేను జెప్త. కలుపు,” అన్న మాట వెనక నుంచి వచ్చింది.

రాధమ్మ గడప మీద నిలబడి ఉంది, ఒక చెయ్యి నడుము మీద. మగవాళ్లు కూర్చున్నప్పుడు ఆమె ఆ గడప దాటడం తృప్తి ఎప్పుడూ చూడలేదు. దాటింది. చెయ్యి చాచింది. జనార్ధన్ ఆ చేతిని చూశాడు, భార్య ముఖం చూశాడు, అక్కడ ఏం కనిపించిందో గానీ నంబరు నొక్కి ఫోన్ ఇచ్చేశాడు. రాధమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. అవతల ఎవరో ఎత్తారు, జనార్ధన్ గారూ బయలుదేరారా అన్న మాట పక్కన నిలబడిన తృప్తికి సన్నగా వినిపించింది.

“ఆయిన గాదు సార్, రాధమ్మను మాట్లాడుతున్న. మా బిడ్డ ఆపరేషన్‌కు వస్తలేదు.”

అవతలి గొంతు ఏదో అడిగింది, కొంచెం పొడుగ్గా. రాధమ్మ విన్నది. విని, కూతురి వైపు చూస్తూ నిదానంగా చెప్పింది.

“అడిగినం సార్. వద్దన్నది.”